స్క్రీన్‌షాట్ మూలన ఒక అక్షరం

బెడోక్, సింగపూర్
ఆదివారం పొద్దున

చి. బుజ్జికి,

నీ మెసేజ్ గురువారం రాత్రే చూశాను. రెండు ముక్కల్లో జవాబు కొట్టి పంపే సంగతి కాదనిపించి ఊరుకున్నాను. నిన్న సాయంత్రం రిజర్వాయర్ చుట్టూ నడుస్తున్నంతసేపూ అదే ఆలోచన. పొద్దున్నే లేచి, మీ పెదనాన్న లేవకముందే కాఫీ కలుపుకుని కూర్చున్నాను. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది. తీరిక చూసుకుని చదువు.

ముందు ఒక మాట. నువ్వు మెసేజ్‌తోపాటు పంపిన ఫోటో తెరవకుండానే తీసేశాను. అది మీ బ్యాంకు కాగితం. నేను ఎంత పెద్దమ్మనైనా అది నా ఫోన్‌లో ఉండకూడదు. నువ్వు కూడా మన చాట్‌లోంచి తీసెయ్. ఇకమీదట నోటిమాటగా చెప్పు చాలు, బ్యాంకు వస్తువు బ్యాంకు దాటి రానివ్వకు.

నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. పోయిన ఏడాది ఆడిట్‌లో మీవాళ్ళు ఇరవై మూడు ఫైండింగులు పెట్టారు. నెలాఖరులోగా అన్నీ క్లోజ్ కావాలి, ఎందుకంటే రిజర్వు బ్యాంకు తనిఖీ వస్తోంది. ఐటీ వాళ్ళు అన్నీ సరిచేశామని మెయిల్ పెట్టి స్క్రీన్‌షాట్లు జతచేశారు. పందొమ్మిదింటిని నువ్వు స్వయంగా చూసి నిర్ధారించుకున్నావు. మిగతా నాలుగూ చూడ్డానికి టైం లేదు. "వాళ్ళు అయిపోయిందని రాసిచ్చారుగా, క్లోజ్ కొట్టెయ్" అన్నారు మీ మేనేజర్. కొట్టెయ్యనా పెద్దమ్మా అని అడిగావు.

కొట్టెయ్యకమ్మా. ఆ నాలుగూ నీ కళ్ళతో చూసేదాకా ఆ మాట రాయకు. నా జవాబు ఇంతే. కానీ ఎందుకో చెప్పకపోతే నీకిది పెద్దవాళ్ళ చాదస్తంలా ఉంటుంది. అందుకని మా పాలీక్లినిక్ కథ చెప్తాను.

బెడోక్ ఎంఆర్‌టీ స్టేషన్‌లో దిగి కొంచెం నడిస్తే హార్ట్‌బీట్ ఎట్ బెడోక్ అని పెద్ద భవనం ఉంది. ఒకే కప్పు కింద లైబ్రరీ, ఈతకొలను, కమ్యూనిటీ క్లబ్బు, పాలీక్లినిక్. పోయినసారి వచ్చినప్పుడు నిన్ను లైబ్రరీలో కూర్చోబెట్టి నేను బీపీ మాత్రలకి వెళ్ళానే, అదే. అక్కడి పాలీక్లినిక్ సింగ్‌హెల్త్ సంస్థ కిందిది. మన పేరు, గుర్తింపు నంబరు, వేసుకునే మాత్రలు, అన్నీ వాళ్ళ కంప్యూటర్లలో ఉంటాయి. క్యూ నంబరు తీసుకుని కుర్చీలో కూర్చున్న ముసలివాళ్ళెవరికీ ఆ కంప్యూటర్ల ధ్యాసే ఉండదు. ఉండక్కర్లేదు కూడా. దాన్ని చూసుకోవడానికి వేరే మనుషులున్నారనే కదా నిశ్చింతగా కూర్చునేది.

2018 జూలై 20, శుక్రవారం. ఆ సాయంత్రం వార్తల్లో చెప్పారు. 2015 మే 1 నుంచి 2018 జూలై 4 దాకా సింగ్‌హెల్త్ స్పెషలిస్టు క్లినిక్‌లకీ పాలీక్లినిక్‌లకీ వెళ్ళినవాళ్ళలో 15 లక్షల మంది వివరాలు దొంగలు ఎత్తుకుపోయారు. పేరు, ఎన్‌ఆర్‌ఐసీ గుర్తింపు నంబరు, చిరునామా, పుట్టినతేదీ, లింగం, జాతి. వాళ్ళలో 1,60,000 మందికి ఇచ్చిన మందుల వివరాలు కూడా పోయాయి. అప్పటి ప్రధానమంత్రి లీ సియెన్ లూంగ్ మందుల జాబితా కోసమైతే దొంగలు పనిగట్టుకుని పదేపదే వెతికారు. ఈ దేశ జనాభా అప్పటికి 56 లక్షలు. అంటే నలుగురిలో ఒకరికంటే ఎక్కువే. ఆ వారంలోనే నాకూ ఎస్సెమ్మెస్ వచ్చింది. పోయినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఫోన్ చేత్తో పట్టుకుని వంటింట్లో నిలబడిపోయాను. అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఈ ఆడిట్ పనిలో ఉన్నదాన్ని. నా రిపోర్టుల్లో "ఖాతాదారుల సమాచారం" అని ఎన్ని వందలసార్లు రాశానో! ఆ మాట వెనక ఒక మనిషి వంటింట్లో నిలబడి ఉంటుందని ఆ రోజు దాకా నాకు అంత బలంగా తట్టలేదు.

దర్యాప్తు సంఘం వేశారు. రిటైర్డు జడ్జి రిచర్డ్ మాగ్నస్ అధ్యక్షుడు. కొన్ని విచారణలు బహిరంగంగా, కొన్ని తలుపులు మూసి జరిపారు. 2019 జనవరి 10న నాలుగువందల యాభైకి పైగా పేజీల నివేదిక జనం ముందు పెట్టారు. నేను ప్రింటు తీయించుకుని, పసుపు మార్కర్ పట్టుకుని, మూడు వారాంతాలు కూర్చుని చదివాను. ఆ కట్ట ఇప్పటికీ మా అల్మారా పై అరలో ఉంది.

చదివేముందు నేనూ అందరిలాగే అనుకున్నాను, వచ్చినవాళ్ళు మహా నేర్పరులు, వాళ్ళనెవరు ఆపగలరని. నేర్పరులే, నివేదిక కూడా ఆ మాటే చెప్పింది. కానీ లోపలికి వచ్చాక వాళ్ళకి దొరికిన దారులు చూడు. ఒక కంప్యూటర్‌లో ఔట్‌లుక్‌కి వెయ్యాల్సిన ప్యాచ్ వెయ్యలేదు, ఆ ప్యాచ్ అప్పటికే విడుదలై ఉంది. ఒక సర్వర్‌కి ఏడాదికి పైగా అప్‌డేట్లే లేవు. దాన్ని చూసుకునే బాధ్యత కాగితం మీద ఎవరిదీ కాదు. దగ్గర్లో ఉన్నారని ఒక ఉద్యోగి చూస్తూ వచ్చారు, ఆయనకి ఆ పనిలో శిక్షణ కూడా లేదు. ఇక ఒక అడ్మినిస్ట్రేటర్ ఖాతా పాస్‌వర్డ్ ఏమిటో తెలుసా? ఇంగ్లిషులో పాస్‌వర్డ్ అనే మాటే. అందులో "ఎ" బదులు ఈమెయిల్‌లో వాడే ఎట్ గుర్తు, "ఓ" బదులు సున్నా. అంతే. పెద్దక్షరం ఉంది, అంకె ఉంది, గుర్తు ఉంది, ఎనిమిది అక్షరాలు ఉన్నాయి. చెక్‌లిస్టు పట్టుకుని చూస్తే అన్ని గళ్ళలోనూ టిక్కు పడుతుంది. ఇలాంటి పాస్‌వర్డ్‌ని నేను కూడా ఎక్కడో టిక్కు పెట్టి దాటేసే ఉంటానని ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

కానీ నీకోసం చెప్పాల్సింది ఆ పేజీ కాదు. ఇంకొకటి ఉంది. దొంగలు డేటాబేస్ దాకా రావడానికి ఏడాదికి ముందే, 2017 తొలినాళ్ళలో, ఇంటర్నల్ ఆడిట్ వాళ్ళు పెన్ టెస్ట్, అంటే కావాలని చొరబడి చూసే పరీక్ష, చేయించారు. అడ్మిన్ ఖాతాల పాస్‌వర్డులు బలహీనంగా ఉన్నాయని, ముఖ్యమైన సర్వర్లకి అడ్మిన్లు వెళ్ళే దారిని మిగతా నెట్‌వర్క్ నుంచి విడదియ్యాలని అప్పుడే రాశారు. అంటే ఆడిట్ తన పని చేసింది, బుజ్జీ. తలుపుకి గడియ లేదని ముందే చెప్పింది. ఆ తర్వాత సరిచేసే పని సరిగా నడవలేదు, దాడి జరిగే నాటికి ఆ లోపాల్లో చాలావరకు అలాగే ఉన్నాయి అని దర్యాప్తు సంఘం తేల్చింది. ఆ వాక్యం మీద పసుపు మార్కర్ రెండుసార్లు గీశాను.

మన వృత్తిలో అందరూ ఫైండింగ్ రాయడమే గొప్ప అనుకుంటారు. కొత్తవాళ్ళు మరీను. లోపం పట్టుకున్నామంటే అదో విజయం. కానీ రాసినదాని విలువంతా ఆ తర్వాతి ఆరు నెలల్లో ఉంది, ఎవరూ మెచ్చుకోని ఆరు నెలలు. మళ్ళీ మళ్ళీ మెయిల్ పెట్టాలి, మళ్ళీ వెళ్ళి చూడాలి, విసుక్కున్న మొహాలు చూడాలి. ప్రస్తుతం నువ్వు సరిగ్గా అక్కడే ఉన్నావు.

ఆ కథలో ఇంకో సంగతి కూడా నన్ను వదల్లేదు. 2018 జూన్ నెలలోనే కొందరు సిబ్బందికి అనుమానం తగిలింది. ఎవరో డేటాబేస్‌లోకి లాగిన్ కావడానికి ప్రయత్నిస్తున్నారని చూశారు. జూలై 4న ఒక ఐటీ అడ్మినిస్ట్రేటర్ వింత క్వెరీలు గమనించి, ఊరుకోకుండా వెంటపడి ఆపారు. కానీ పైవాళ్ళకి చెప్పాల్సిన బాధ్యత ఉన్న మేనేజర్ వెనకాడారు. చెప్తే పైనుంచి అందరూ వివరాలడుగుతూ తనని తరుముతారని ఆయన భయం. ఆ మాట విచారణలోనే బయటికి వచ్చింది. సైబర్ సెక్యూరిటీ ఏజెన్సీకి కబురు అందేసరికి జూలై 10. ఆయన్ని తిట్టడం తేలిక. నేను మాత్రం ఆయన కూర్చున్న కుర్చీ చూస్తాను. చెప్పినవాణ్ణి తరిమే ఆఫీసులో చెప్పేవాడు ఎక్కణ్ణుంచి వస్తాడు?

శిక్షలు పడ్డాయి. ఆసుపత్రుల ఐటీ చూసే, అప్పట్లో ఐహిస్ అని పేరున్న సంస్థకి ఏడున్నర లక్షల సింగపూర్ డాలర్లు, సింగ్‌హెల్త్‌కి రెండున్నర లక్షలు జరిమానా వేసింది వ్యక్తిగత సమాచార రక్షణ కమిషన్. ఇద్దరు ఉద్యోగులను తీసేశారు. సీఈఓతో సహా పై స్థాయిలో ఐదుగురి మీద ఆర్థిక దండన పడింది. శ్రద్ధగా పనిచేసిన ముగ్గురికి మెచ్చుకోలు లేఖలు ఇచ్చారు. ఈ చివరిది ఎవరూ గుర్తుపెట్టుకోరు గానీ, నాకు చాలా నచ్చింది.

జరిమానా గురించి నా అభిప్రాయం అడిగితే చెప్తాను. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ కట్టిన డబ్బు మళ్ళీ సర్కారు ఖాతాకే చేరుతుంది. పది లక్షల డాలర్లకి ఎవరి నిద్రా చెడలేదు. నిద్ర చెడింది విచారణ బహిరంగంగా జరగడం వల్ల, నివేదిక అచ్చు వెయ్యడం వల్ల. ఫలానా తేదీన ఎవరికి తెలుసు, ఎవరు చెప్పలేదు అనేది పేపర్లలో రోజూ వచ్చింది. ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఈ ఊళ్ళో ఏ ఆడిట్ మీటింగుకి వెళ్ళినా, "ఇది నిజంగా అయిందా, ఎవరు చూశారు?" అని పైవాళ్ళే అడగడం మొదలుపెట్టారు. అంతకుముందు ఆ ప్రశ్న నేను అడిగితే విసుక్కున్నవాళ్ళే.

చట్టం సంగతి కూడా చెప్పాలి, నువ్వు చదువుకునే పరీక్షకి పనికొస్తుంది. ఇక్కడి సైబర్‌సెక్యూరిటీ చట్టం 2018 ఫిబ్రవరి 5న పార్లమెంటులో పాసైంది. అమల్లోకి వచ్చింది ఆగస్టు 31న. దొంగతనం ఈ రెండు తేదీల మధ్యలో పడింది. విద్యుత్తు, నీళ్ళు, బ్యాంకులు, వైద్యం, రవాణా, ఇలా పదకొండు రంగాల్లో, ఆగిపోతే దేశం ఆగిపోయే కంప్యూటర్ వ్యవస్థలని గుర్తించి, వాటి యజమానుల మీద బాధ్యత పెట్టారు. రెండేళ్ళకి ఒకసారైనా ఆడిట్, ఏడాదికి ఒకసారైనా రిస్క్ అసెస్‌మెంట్. ఆడిటర్‌ని సైబర్‌సెక్యూరిటీ కమిషనర్ ఆమోదించాలి, రిపోర్టు పూర్తయిన ముప్ఫై రోజుల్లో ఆయనకి చేరాలి. సరిగా జరగలేదనిపిస్తే ఆ భాగం మళ్ళీ చేయించమంటారు. దాడి జరిగిందని తెలిసిన రెండు గంటల్లో కబురు చెయ్యాలి. జూన్, జూలైలో పోయిన ఆ రోజులన్నీ తలుచుకుని ఈ రెండు గంటలు చదివితే ఆ అంకె బరువు తెలుస్తుంది.

ఇందులో ఒక కిటుకు ఉంది, చాలామంది పొరపాటు పడతారు. కమిషనర్ జారీ చేసే కోడ్ ఆఫ్ ప్రాక్టీస్ ఉంది కదా, అందులో ఎన్ని నియమాలున్నా దానికి తనంతట తనకి చట్టం హోదా లేదు. ఒక నియమం తప్పితే ఆ క్షణమే నేరం అయిపోదు. "ఫలానాది ఫలానా తేదీలోగా సరిచెయ్యండి" అని కమిషనర్ రాతపూర్వకంగా ఆదేశిస్తారు. ఆ ఆదేశాన్ని సరైన కారణం లేకుండా మీరితే అప్పుడు నేరం, 2018 చట్టంలో: లక్ష డాలర్ల దాకా జరిమానా, రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండూ. అంటే ముందు చెప్పడం, గడువివ్వడం, ఆ తర్వాతే కొట్టడం. నాకు ఈ పద్ధతి సబబుగా తోస్తుంది. కంప్యూటర్లలో రోజూ ఏదో ఒక లోపం బయటపడుతూనే ఉంటుంది, ప్రతి లోపానికీ శిక్ష అంటే అందరూ దాచడమే నేర్చుకుంటారు. శిక్ష పడాల్సింది లోపం ఉన్నందుకు కాదు, ఉందని చెప్పాక కూడా పట్టించుకోనందుకు.

అయితే ఒకటి గమనించు. చట్టం ఎంత గట్టిదైనా కమిషనర్ ఆఫీసు వాళ్ళు రోజూ సర్వర్ గదిలోకి రారు. రిజర్వు బ్యాంకు వాళ్ళు రోజూ మీ ఆఫీసుకి రారు. వాళ్ళు చూసేది మీరిచ్చిన కాగితం. ఆ కాగితం పుట్టేది ఒక స్ప్రెడ్‌షీట్‌లో, స్టేటస్ అనే కాలమ్‌లో. ఆ కాలమ్ నింపేది ఇవాళ నువ్వు.

ఇక్కడి హాకర్ సెంటర్లలో ప్రతి కొట్టుకీ ఎ, బి, సి అని శుభ్రత గ్రేడు పలక తగిలించి ఉండటం నువ్వు చూశావు. చిన్నప్పుడు బెడోక్ ఇంటర్‌ఛేంజ్ పక్కన రోటీ పరాఠా తింటూ "పెద్దమ్మా, ఈయనకి బి వచ్చింది, ఫెయిలయ్యాడా?" అని అడిగావు, గుర్తుందా? చాలా ఏళ్ళు ఆ పలకలు చూస్తూ బతికాం. నేను గ్రేడుతోపాటు ఎప్పుడూ అట్లకాడ పక్కనున్న గుడ్డ చూసేదాన్ని. అప్పట్లో గ్రేడు తనిఖీ రోజుది, గుడ్డ ఇవాళ్టిది. గ్రేడు ఒక్కటే కాదు, ఇక్కడ తప్పుకి పాయింట్ల పద్ధతి కూడా ఉంది. పన్నెండు నెలల్లో పన్నెండు పాయింట్లు పడితే కొట్టు కొన్ని వారాలు మూతపడాల్సిందే. తనిఖీవాళ్ళు ముందు చెప్పకుండా వచ్చి చూస్తారు. మన సర్టిఫికెట్లు కూడా ఆ పలకల్లాంటివే. అబద్ధం కాదు, కానీ అవి తనిఖీ రోజువి.

ఇప్పుడు నా సంగతి. ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు.

2009లో అనుకుంటా, అప్పుడు నేను పనిచేసే ఆఫీసులో ఒక ఫైండింగ్ పెట్టాను. ఉద్యోగం మానేసినవాళ్ళ ఖాతాలు సిస్టమ్‌లో అలాగే ఉన్నాయని. మొత్తం ముప్ఫై ఒక్క ఖాతాలు. రెండు నెలలకి ఐటీ నుంచి మెయిల్ వచ్చింది, అన్నీ తీసేశామని. స్క్రీన్‌షాట్ జతచేశారు. చూశాను. ముప్ఫై ఒక్క పేర్లూ "డిజేబుల్డ్" అని ఉన్నాయి. పంపినతను నాకు బాగా తెలిసిన కుర్రాడు, విశాఖపట్నం వాడు, పండక్కి మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. క్లోజ్ అని రాశాను. సంతకం పెట్టాను. ఇంటికొచ్చి నిద్రపోయాను.

ఎనిమిది నెలల తర్వాత ఒక రాత్రి రెండు గంటలకి, మానేసి ఏడాదైన ఒకామె ఖాతాతో ఎవరో లోపలికి వచ్చారు. డబ్బు పోలేదు, అదృష్టం. కానీ రెండు వారాలు ఎవరమూ ఇళ్ళకి సరిగా వెళ్ళలేదు. మూడో రోజు నేను నా పాత ఫైలు తెరిచి, ఆ స్క్రీన్‌షాట్ పెద్దది చేసి చూశాను. కింద ఎడమ మూలన సర్వర్ పేరు ఉంది. చివరి అక్షరం "టి". అసలు సర్వర్ పేరు "పి"తో ముగుస్తుంది. అది టెస్ట్ సర్వర్. అతను ముందు టెస్ట్‌లో చేసి చూసుకున్నాడు, సవ్యంగా అయింది, శనివారం అసలుదాంట్లో చేద్దామనుకున్నాడు. ఈలోగా వాళ్ళ నాన్నకి ఒంట్లో బాగోలేదని కబురొస్తే విశాఖ వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేసరికి ఫైండింగ్ క్లోజ్ అయి ఉంది. క్లోజ్ అయిందంటే చేసేసే ఉంటాననుకున్నాడు.

చూశావా, బుజ్జీ? అతను అబద్ధమాడలేదు. నేనూ ఆడలేదు. ఇద్దరం ఒకరి మీద ఒకరం నమ్మకంతో ఒక తలుపు తెరిచి ఉంచేశాం. నేను ఆ రోజు అతని సీటు దగ్గరికి నడిచి వెళ్ళి, "బాబూ, ఒకసారి నా ముందు తెరువు" అని అడిగి ఉంటే మూడు నిమిషాలు పట్టేది. అడిగితే నమ్మనట్టు అనుకుంటాడేమోనని అడగలేదు. ఆ మొహమాటానికి నేను ఇన్నేళ్ళుగా బాధపడుతూనే ఉన్నాను. ఆ తర్వాత అతన్ని పిలిచి మందలించారు, నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అది ఇంకా బాధ.

మన వైపు సంగతి చూద్దాం. హైదరాబాద్‌లో ఉన్నదానివి, మహేశ్ బ్యాంకు పేరు వినే ఉంటావు. 2022 జనవరిలో ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సర్వర్లలోకి చొరబడి 12 కోట్ల రూపాయలకి పైగా ఎత్తుకుపోయారు. అంతకు కొద్ది నెలల ముందే ఉద్యోగులకి ఫిషింగ్ మెయిళ్ళు వచ్చాయి, వాటిని తెరిచారు, దారి దొరికింది. ప్రాథమికంగా ఉండాల్సిన రక్షణలే సరిగా లేవని పోలీసుల దర్యాప్తులో తేలింది. ఆ సంగతి పోలీసులు రిజర్వు బ్యాంకుకి రాశారు. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకి 65 లక్షల జరిమానా వేసింది. దేనికని? సహకార బ్యాంకులకి తాను ఇచ్చిన సైబర్ భద్రతా నియమాలు పాటించనందుకు. ఆ నియమాలు కొత్తవి కావు. బ్యాంకు స్థాయిని బట్టి ఏమేం ఉండాలో నాలుగు అంచెలుగా 2019 డిసెంబర్ 31నే చెప్పింది. దొంగతనం రెండేళ్ళకి జరిగింది, జరిమానా మూడున్నరేళ్ళకి పడింది. ఆ మధ్యకాలంలో బ్యాంకు ఫైళ్ళలో ఏం రాసి ఉందో నాకు తెలియదు, దాని గురించి మాట్లాడను. కానీ నీకు తెలియాల్సింది ఇది: పై నుంచి పడే దెబ్బ ఎప్పుడూ ఆలస్యంగానే పడుతుంది. అప్పటికి కూలివాడి డబ్బు, పెన్షన్‌దారు డబ్బు కదిలిపోయి ఉంటాయి. ముందుగా చూడగలిగేది లోపలి మనిషి ఒక్కరే. ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ వాళ్ళు 2022 ఏప్రిల్ ఆదేశాల్లో దాడి సంగతి ఆరు గంటల్లో తమకి చెప్పాలన్నారు, మంచిదే. అయినా ఆ ఆరు గంటలు మొదలయ్యేది జరిగినట్టు తెలిశాక.

సరే, ఇప్పుడు నువ్వేం చెయ్యాలో చెప్తాను. మీ మేనేజర్‌తో గొడవపడకు. ఆయన చెడ్డమనిషి అని నేను అనుకోవడం లేదు. తనిఖీ వస్తుంటే ఎర్రగళ్ళు కనబడకూడదని ఎవరికైనా ఉంటుంది. ఆయనకి "చెయ్యను" అని చెప్పకు, "ఇలా రాద్దాం సార్" అని చెప్పు. స్టేటస్ కాలమ్‌లో క్లోజ్‌కీ ఓపెన్‌కీ మధ్య ఇంకో మాట ఉంటుంది: సరిచేశామని విభాగం తెలిపింది, ఆడిట్ ఇంకా నిర్ధారించలేదు. అది నిజం. పక్కన నువ్వు చూడబోయే తేదీ రాయి. రిజర్వు బ్యాంకు నుంచి వచ్చేవాళ్ళు ఈ పనిలో పండిపోయినవాళ్ళు. ఇరవై మూడుకి ఇరవై మూడూ పచ్చగా కనిపిస్తే వాళ్ళకి అనుమానం వస్తుంది. పందొమ్మిది పచ్చ, నాలుగు నిజాయితీగా పసుపు అయితే ఆ పందొమ్మిదినీ నమ్ముతారు. నేను ఇన్నేళ్ళలో చూసింది ఇదే. ఈ మాట ఆయనకి నచ్చజెప్పు.

ఆ నాలుగింటిలో ఒకటి చెయ్యడం కుదరదని ఐటీ వాళ్ళు అంటే, అది నేరమేమీ కాదు. పాత సాఫ్ట్‌వేర్ ఉంటుంది, మారిస్తే బ్రాంచీలు ఆగిపోతాయి, నిజంగా అలాంటివి ఉంటాయి. అప్పుడు ఆ రిస్కు మేం ఒప్పుకుంటున్నాం అని ఆ విభాగం పెద్ద సంతకం చెయ్యాలి. ఎంతకాలం, ఈలోగా ఏం జాగ్రత్త తీసుకుంటారు, రెండూ అందులో ఉండాలి. ఆ కాగితం మీద నీ సంతకం ఉండకూడదు, అర్థమైందా? ఇల్లు ఎవరిదో తాళం సంగతి వాళ్ళు ఒప్పుకోవాలి. తాళం చూసి చెప్పినదానివి నువ్వు.

చూడ్డానికి వెళ్ళినప్పుడు పోలీసులా వెళ్ళకు. నీలాగే వాళ్ళూ రాత్రి పదకొండింటికి క్యాబ్ కోసం ఎదురుచూసేవాళ్ళే. "అన్నా, నాక్కూడా నేర్చుకున్నట్టుంటుంది, ఒకసారి చూపిస్తారా" అని అడుగు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చో. వాళ్ళ చేతే తెరిపించు. స్క్రీన్ మీద తేదీ, సర్వర్ పేరు నువ్వే చదివి రాసుకో. తేడా కనిపిస్తే అక్కడికక్కడ మొహం మాడ్చకు, సాయంత్రంలోగా వాళ్ళు సరిచేస్తానంటే ఆగు, మళ్ళీ వెళ్ళు. నా విశాఖ కుర్రాడి దగ్గరికి నేను అలా వెళ్ళి ఉండాల్సింది.

ఇవన్నీ చేశాక కూడా మేనేజర్ ఒప్పుకోకపోతే, క్లోజ్ చెయ్యమన్న మాట మెయిల్‌లో పెట్టమని మర్యాదగా అడుగు. నూటికి తొంభైమంది మెయిల్‌లో పెట్టరు, ఆ రోజుకి ఆ మాట వదిలేస్తారు. పెట్టారంటే, ఆడిట్ కమిటీ దాకా వెళ్ళే దారి మీ పాలసీలోనే రాసి ఉంటుంది, తీసి చదువు. ఆ పేజీ నెంబరు గుర్తుపెట్టుకో. ఉద్యోగం పోతుందేమోనని నీకు భయం ఉంటుంది, నాకు తెలుసు, మీ నాన్న హోమ్ లోన్ సంగతీ తెలుసు. అలాంటిదేమైనా వస్తే ముందు నాకు ఫోన్ చెయ్. నీ వెనక మేమున్నాం.

మీ పెదనాన్న లేచారు, టిఫిన్ సంగతి అడుగుతున్నారు. మంగళవారం నాకు మళ్ళీ పాలీక్లినిక్‌లో అపాయింట్‌మెంట్. అక్కడ కూర్చున్నప్పుడల్లా కౌంటర్ వెనక కంప్యూటర్ వైపు చూస్తాను, ఆ ప్యాచులు ఇవాళ ఎవరు వేశారో, వేశారని ఎవరు చూశారో అని. ఎవరో నీలాంటి పిల్లే చూసి ఉంటుందని అనుకుంటాను.

రేపు ఆఫీసుకి వెళ్ళగానే ఆ నాలుగు స్క్రీన్‌షాట్లూ పెద్దవి చేసి మూలలు చూడు. సర్వర్ పేర్లు, తేదీలు. తర్వాత వెళ్ళి కూర్చో. ఆ రోజు ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్. మాకు రెండున్నర గంటలు ముందు నడుస్తుందని ఆలోచించకు, మేలుకునే ఉంటాను.

అమ్మకి, నాన్నకి అడిగానని చెప్పు. మాగాయ అందింది, ఈసారి ఉప్పు సరిగ్గా కుదిరింది.

ఇట్లు,
మీ పెద్దమ్మ